ఓరుగల్లు ఎలా ఎదిగింది? ఎలా ఒరిగింది?

(మా గ్రామీణ విలేఖరి)

వరంగల్: పాకాల కింద నాట్లు వేసే రైతును ఈ చెరువు ఎవరు కట్టించారని అడగండి. ప్రతాపరుద్రుడు అంటాడు. రామప్ప దగ్గర అడిగినా, లక్నవరం దగ్గర అడిగినా ఎక్కువమంది చెప్పే జవాబు అదే. పాతది ఏది కనపడినా ప్రతాపరుద్రుని ఖాతాలో వేయడం మనకు అలవాటైపోయింది. అయితే ఈ చెరువుల్లో పెద్దవి ఆయన గద్దె ఎక్కకముందే నిండి మత్తడి దూకాయి. వాటిని కట్టించిన కాలం ఆయన ముత్తాత గణపతిదేవునిది. చివరి రాజు కావడం వల్ల, కోట ఆయన చేతుల్లోనే పోవడం వల్ల ప్రతాపరుద్రుని పేరు జనం నోట మిగిలిపోయింది.

ఓరుగల్లు పడిపోయింది 1323లో. ఏడు వందల ఏళ్లు దాటాయి. అంత పెద్ద రాజ్యం ఎలా లేచింది, ఎందుకు పడింది అన్నది బడి పుస్తకంలో రెండు పేజీల్లో అయిపోతుంది. ఆ రెండు పేజీల్లో చెరువుకు ఒక్క వాక్యం దక్కితే గొప్ప. ఇప్పటికీ ఆ చెరువుల నీళ్లతో పంట తీస్తున్న మనం ఆ కథను చెరువు కట్ట మీద నుంచి చూడడం న్యాయం.

సామంతుల ఇంటి నుంచి

కాకతీయులు పుట్టుకతో చక్రవర్తులు కారు. మొదట రాష్ట్రకూటుల కొలువులో, ఆ తర్వాత కళ్యాణి చాళుక్యుల కొలువులో పనిచేసిన సేనానులు. హనుమకొండను వారికి ఇచ్చింది చాళుక్యులే. మన పక్కనున్న బయ్యారం చెరువు శాసనంలో ఈ వంశం పెద్దల పేర్లు వరుసగా ఉన్నాయి. ఆ చెరువును, ఆ శాసనాన్ని వేయించింది మైలాంబ, గణపతిదేవుని చెల్లెలు. రాజుల వంశవృక్షం మనకు తెలియడానికి ఒక ఆడబిడ్డ కట్టించిన చెరువు ఆధారం అయిందన్న మాట.

కళ్యాణిలో చాళుక్యుల ఇల్లు చీలింది. వారి సేనాని బిజ్జలుడే గద్దె లాక్కున్నాడు. ఇదే అదనుగా హనుమకొండలో రుద్రదేవుడు నిలబడ్డాడు. పొలవాస మేడరాజు, నగునూరు దొమ్మరాజు వంటి ఇరుగుపొరుగు దొరలను ఒక్కొక్కరినే ఓడించాడు. 1163లో వేయిస్తంభాల గుడి కట్టించి, ఆ గెలుపులన్నీ అక్కడి శాసనంలో చెక్కించాడు. తాము ఇక ఎవరి సామంతులమూ కామని చెప్పుకున్న రాయి అది. ఆ గుడి కళ్యాణ మండపాన్ని పునాది బాగుచేయడం కోసం విప్పి, ఏళ్ల తరబడి రాళ్లు కుప్పగా పెట్టి ఉంచిన సంగతి పాఠకులకు తెలిసిందే. చివరికి 2024 మార్చిలో తిరిగి తెరిచారు. కట్టినవారికి పట్టిన కాలం ఎంతో గాని, విప్పి కట్టడానికి మనకు పట్టిన కాలం మాత్రం తక్కువేమీ కాదు.

హనుమకొండ గుట్ట చుట్టూ ఊరు పెరగడానికి చోటు చాలలేదు. పక్కనే మైదానంలో కొత్త కోట మొదలైంది. అదే ఓరుగల్లు. రుద్రదేవుడు మొదలుపెట్టాడు, గణపతిదేవుడు రాజధానిని అక్కడికి మార్చాడు, రుద్రమదేవి గోడలు పెంచింది.

పోయిన రాజ్యాన్ని నిలిపిన సేనాని

ఈ రాజ్యం 1323లో కాక ఇంకా నూట పాతికేళ్ల ముందే పోవలసింది. దేవగిరి యాదవులతో యుద్ధంలో రుద్రదేవుడు చనిపోయాడు. తమ్ముడు మహాదేవుడు మూడేళ్లయినా ఏలకుండా అదే పగలో పోయాడు. మహాదేవుని కొడుకు గణపతి శత్రువుల చేతిలో బందీ. గద్దె మీద కూర్చునేవారే లేరు. సామంతులు ఎవరి దారి వారు చూసుకునే సమయం అది.

అప్పుడు రాజ్యాన్ని పట్టుకుని నిలిపినవాడు రేచర్ల రుద్రుడు. గద్దె ఖాళీగా ఉన్నా తాను ఎక్కలేదు. గణపతి విడుదలై 1199లో వచ్చే వరకు కాపాడి అప్పగించాడు. పాలంపేటలో రామప్ప గుడిని, దాని పక్కన చెరువును 1213లో కట్టించింది ఈ రేచర్ల రుద్రుడే. 2021 జూలై 25న యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చిన తర్వాత దేశ దేశాల వారు వచ్చి చూస్తున్నారు. నీళ్లలో తేలే ఇటుకల గురించి, నల్లరాతి నాగినుల గురించి అందరూ చెబుతారు. రుద్రుడి పేరు చెప్పేవారు తక్కువ. గుడి పేరు కూడా ఆయనది కాకుండా పోయింది.

గణపతిదేవుడు ఆ తర్వాత అరవై ఏళ్లకు పైగా ఏలాడు. తూర్పున సముద్రం దాకా, దక్షిణాన కంచి దాకా ఆయన సేనలు వెళ్లాయి. తెలుగు మాట్లాడే నేలలో ఎక్కువ భాగం ఒక గొడుగు కిందికి వచ్చింది అప్పుడే.

చెరువే ఖజానా

ఇక అసలు సంగతి. మన నేల గోదావరి డెల్టా కాదు. ఎర్రచెల్క, గుట్టలు, అడవి. వాన నాలుగు నెలలు పడి పోతుంది. ఆ నీటిని పట్టి నిలిపితే తప్ప వరి లేదు. వరి లేకపోతే పన్ను లేదు, పన్ను లేకపోతే సైన్యం లేదు. కృష్ణ, గోదావరి ముఖద్వారాలు చేతికి రాకముందు ఈ రాజులకు ఉన్న ఆస్తి ఇదే. అందుకే కాకతీయుల సేనానులు ఒక చేత్తో కత్తి పడితే ఇంకో చేత్తో చెరువు కట్టించారు. పాకాల, రామప్ప, లక్నవరం, గణపురం, బయ్యారం ఒకే కాలపు వరుసలోవి. పాకాల చూడండి. గుట్టల మధ్య మైలు పైచిలుకు కట్ట వేస్తే సుమారు 30 చదరపు కిలోమీటర్ల నీళ్లు నిలిచాయి. గుట్టలే మూడు వైపులా కట్టలయ్యాయి. మనుషులు వేసింది నాలుగో వైపే.

పెద్ద చెరువు ఒక్కటే ఉంటే లాభం లేదని వారికి తెలుసు. పై చెరువు మత్తడి నీళ్లు కింది చెరువులోకి, అక్కడి నుంచి ఇంకా కింది కుంటలోకి పోయేలా గొలుసు కట్టారు. కట్ట లోపలి వైపు రాతి పరుపు, తూము ఎత్తు, మత్తడి కట్ట కంటే ఎంత దిగువన ఉండాలన్న లెక్క, ఇవన్నీ చేసి చూపించారు. ఈ గొలుసులో ఒక కట్ట తెగితే కింద ఉన్నవన్నీ ప్రమాదంలో పడతాయి. కాబట్టి పై ఊరివాడు మంచిగా ఉంటేనే కింది ఊరివాడికి నిద్ర. పగలున్న రెండు ఊళ్లను కూడా నీరు ఒకచోట కూర్చోబెడుతుంది.

చెరువు కట్టడం ఒక ఎత్తు, దాన్ని ఏటా చూసుకోవడం ఇంకో ఎత్తు. దీనికి దశబంధం అనే ఏర్పాటు ఉండేది. చెరువు కట్టించినవారికో, మరమ్మతు చూసేవారికో ఆయకట్టులో కొంత భూమిని, లేదా పంటలో కొంత వంతును ఇచ్చేవారు. చెరువు నిండితేనే వారి వంతు దక్కుతుంది. కాబట్టి పూడిక తీయమని ఎవరూ అర్జీలు పెట్టుకోవలసిన పని లేదు. పైగా చెరువు తవ్వించడం సప్త సంతానాల్లో ఒకటని, కొడుకును కన్నంత పుణ్యమని నమ్మకం. రాజుకు పన్ను, సేనానికి పేరు, గుడికి ధూపదీపాలు, రైతుకు రెండు పూటల అన్నం. అందరి లెక్కా ఒక్క తూము దగ్గర కలిసేది. శాసనం చెక్కించినవారి పేర్లు మనకు తెలుసు. తట్టలతో మట్టి మోసినవారి పేర్లు తెలియవు.

ఊరి ఆదాయం ఇలా కుదిరాక గణపతిదేవుడు సముద్రం వైపు చూశాడు. ఇప్పటి బాపట్ల జిల్లాలో చిన్నగంజాం దగ్గర ఉన్న మోటుపల్లి ఆనాడు పెద్ద రేవు. ఓడ గాలివానకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకువస్తే అందులో ఉన్న సరుకంతా అక్కడి రాజులు లాక్కునే అలవాటు ఉండేది. గణపతిదేవుడు 1244లో అక్కడ అభయ శాసనం వేయించాడు. ప్రాణాలకు తెగించి సముద్రం మీద వచ్చేవారి సొత్తు ముట్టబోమని, ముప్పైకి ఒకటి చొప్పున సుంకం మాత్రమే తీసుకుంటామని దాని సారాంశం. చందనం, కర్పూరం, ముత్యాలు, పట్టు, మిరియాలు, పోకలు, వేటికెంత సుంకమో కూడా రాసి పెట్టారు. దోచుకుంటే ఒక్కసారి వస్తుంది, సుంకం అయితే ఏటా వస్తుందన్న లెక్క తెలిసిన రాజు. తర్వాత కొంత కాలానికి ఇటలీ నుంచి వచ్చిన మార్కోపోలో ఈ రేవు పేరుతోనే మన రాజ్యం గురించి రాశాడు. ఇక్కడి వజ్రాలను, సాలెగూడు వంటి సన్నని బట్టను, ఏలిన రాణిని మెచ్చుకున్నాడు.

రాణి గద్దె

ఆ రాణి రుద్రమదేవి. గణపతిదేవునికి కొడుకులు లేరు. కూతురిని రుద్రదేవ మహారాజు అన్న మగ పేరుతో గద్దె మీద కూర్చోబెట్టాడు. ఆడది ఏలడమేమిటని సొంత కొలువులోనే గొడవ లేచింది. అవతల దేవగిరి యాదవ మహాదేవుడు ఇదే సందని దండెత్తాడు. ఆమె అతన్ని తరిమికొట్టింది. బీదరు కోటలో దొరికిన ఆమె శాసనం అందుకు సాక్ష్యం.

ఆమెను దెబ్బతీసింది బయటివాడు కాదు. కాయస్థ అంబదేవుడు. ఆ కుటుంబాన్ని చేరదీసి, సేనలిచ్చి, దక్షిణాన సీమలు అప్పగించింది కాకతీయులే. 1289లో నల్లగొండ ప్రాంతపు చందుపట్ల శాసనం ఒక సేవకుడు వేయించినది. రుద్రమదేవి, ఆమె సేనాని మల్లికార్జున నాయకుడు శివలోకానికి పోయారని, వారి పుణ్యం కోసం భూమి ఇస్తున్నానని అందులో ఉంది. ఇద్దరూ ఒకేసారి పోవడం చూస్తే అంబదేవునితో పోరులోనే చనిపోయారని చరిత్రకారులు అంటారు. అప్పటికామె ముసలి వయసులో ఉంది. మరుసటి ఏడాదే అంబదేవుడు త్రిపురాంతకంలో తన గెలుపులు చెక్కించుకున్నాడు.

అంబదేవుని సంగతి తర్వాత ప్రతాపరుద్రుడు చూసుకున్నాడు. రుద్రమ కూతురి కొడుకు ఆయన. రాజ్యాన్ని నాయకులకు పంచి, ఊళ్ల ఆదాయం వారు అనుభవించి అందుకు బదులుగా ఇంత సేనను సిద్ధంగా ఉంచాలనే నాయంకర పద్ధతిని గట్టిచేశాడు. పుట్టుకతో సంబంధం లేకుండా కత్తి పట్టగలిగినవాడు పైకి రావడానికి ఈ పద్ధతి దారి ఇచ్చింది. అది దాని బలం. కాని ప్రతి నాయకుడికీ తన ఊళ్లు, తన సేన ఉన్నప్పుడు ఓరుగల్లు గెలిస్తే అందరూ ఓరుగల్లు వారే, ఓడితే ఎవరి కోట వారిది. ఈ సంగతి 1323 తర్వాత బయటపడింది.

అడవి చెప్పే కథ

ఇక్కడ ఇంకో మాట చెప్పుకోకపోతే తప్పు. శాసనాలు రాజుల వైపు మాట చెబుతాయి. మన మేడారం ఇంకో వైపు మాట చెబుతుంది. కరువు వచ్చి కప్పం కట్టలేమన్న పగిడిద్దరాజు మీదికి కాకతీయ సేన వచ్చిందని, సమ్మక్క, సారలమ్మ, గోవిందరాజు, నాగులమ్మ పోరాడారని, సంపెంగవాగులో దూకి ప్రాణం విడిచిన జంపన్న పేరే ఆ వాగుకు వచ్చిందని, సమ్మక్క చిలుకలగుట్ట మీద కుంకుమ భరిణెగా కనిపించిందని కోయ పెద్దలు తరతరాలుగా చెబుతున్న కథ. ఇది జనం నోట వచ్చినది, సంవత్సరాలు లెక్కగట్టి చెప్పలేం. కాని అడవి నరికి చెరువు వేసి వరి పండించిన రాజ్యానికి, ఆ అడవిలో బతికినవారికి మధ్య పేచీ రావడంలో ఆశ్చర్యం లేదు. ఇంటికి ఇల్లరి, మేతకు పుల్లరి, ఇవి కాక అప్పనం అంటూ ఆనాటి పన్నుల పేర్లు శాసనాల్లోనే ఉన్నాయి. మైదానపు రైతుకు అన్నం పెట్టిన కట్ట అడవి మనిషికి వేరుగా కనపడి ఉంటుంది.

పద్నాలుగేళ్లలో

ఢిల్లీ సేన మొదట 1303లో వచ్చి ఉప్పరపల్లి దగ్గర దెబ్బతిని వెనక్కి పోయింది. 1309 చివర మళ్లీ బయలుదేరింది. ఈసారి సేనాని మాలిక్ కాఫుర్. ఓరుగల్లు మట్టికోట గోడను ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో వర్ణించాడు. రాళ్లు విసిరే యంత్రపు గుండు తగిలినా పిల్లలు ఆడుకునే కాయలా వెనక్కి ఎగిరి పడేదట. రాతి కోట చుట్టూ ఇంకో వలయంగా, ఒకటిన్నర మైళ్ల అడ్డుకొలతతో ఉన్న మట్టి గోడ అది. దాని చుట్టూ కందకం. లోపల 45 బురుజుల రాతి కోట. దాని చుట్టూ మరో కందకం. అయినా వారు కందకం పూడ్చి మట్టికోట దాటారు. రాతికోట మిగిలి ఉండగానే 1310లో ప్రతాపరుద్రుడు సంధి చేసుకున్నాడు. ఏనుగులు, గుర్రాలు, ఖజానా ఇచ్చి, ఏటా కప్పం కడతానని ఒప్పుకున్నాడు. కోహినూరు అప్పుడే పోయిందని మన వాళ్లు గట్టిగా చెబుతారు గాని దానికి గట్టి ఆధారం లేదు.

కప్పం కొన్నాళ్లు కట్టారు, కొన్నాళ్లు ఆపారు. 1318లో మళ్లీ సేన వచ్చి వసూలు చేసుకుపోయింది. ఢిల్లీలో ఖిల్జీలు పోయి తుగ్లకులు రాగానే ప్రతాపరుద్రుడు పూర్తిగా ఆపేశాడు. 1321లో సుల్తాను కొడుకు ఉలుగ్ ఖాన్ వచ్చి నెలల తరబడి ముట్టడించాడు. కోట లొంగే దశలో ఉండగా ఢిల్లీలో సుల్తాను చనిపోయాడని వారి శిబిరంలో పుకారు లేచింది. సేనానులు చెదిరిపోయారు. ఉలుగ్ ఖాన్ దేవగిరికి పారిపోయాడు.

ఓరుగల్లు గెలిచామనుకుంది. సంబరాల్లో కోటలో నిల్వ పెట్టిన ధాన్యాన్ని జనానికి వదిలేశారని ఒక కథనం. నెలలు తిరక్కుండానే ఉలుగ్ ఖాన్ కొత్త సేనతో 1323లో మళ్లీ వచ్చాడు. దారిలో బీదరు, బోధను పట్టుకుంటూ వచ్చాడు. ఈసారి ఖాళీ గాదెలు, అలసిన సేన, వెంటనే రాని నాయకులు. కోట పడిపోయింది. చెరువు మత్తడి చూసి మురిసిపోయి తూము తెరిచి వదిలేస్తే ఎండాకాలానికి ఏం మిగులుతుందో మన రైతులకు ఒకరు చెప్పనక్కర లేదు.

ప్రతాపరుద్రుణ్ణి ఢిల్లీకి తీసుకుపోతుండగా నర్మద ఒడ్డున చనిపోయాడు. ఆ తర్వాత కొద్ది ఏళ్లకు ముసునూరి ప్రోలయ నాయకుడు వేయించిన విలస శాసనంలో ఈ సంగతి ఉంది. పంట రైతు చేతిలోంచి పోవడం, కుటుంబాలు చితికిపోవడం కూడా అందులో రాశారు. రాజు పోయిన బాధతో పాటు రైతు బాధను కూడా చెక్కించిన రాగిరేకులు అవి. ఓరుగల్లు పేరు సుల్తానుపురం అయింది. ఉలుగ్ ఖానే తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్ పేరుతో ఢిల్లీని ఏలాడు.

నాయకులు మళ్లీ ఒక్కటయ్యారు. 75 మంది కలిసి ముసునూరి కాపయ నాయకుని వెంట నడిచారని తర్వాతి కాలపు కలువచేరు శాసనం చెబుతుంది. 1336 ప్రాంతంలో ఓరుగల్లు తిరిగి చేతికి వచ్చింది. కాని ఆ కలయిక నిలవలేదు. రెడ్లు అద్దంకి, కొండవీడు వైపు, రేచర్ల వారు రాచకొండ, దేవరకొండ వైపు సొంత రాజ్యాలు పెట్టుకున్నారు. కాపయ బహమనీలకు గోలకొండ ఇవ్వవలసి వచ్చింది. చివరికి రేచర్ల వారితోనే పోరాడి చనిపోయాడు. నూట డెబ్బయ్యేళ్ల కింద రాజ్యాన్ని కాపాడి అప్పగించిన రేచర్ల రుద్రుడి పేరు తలచుకుంటే ఇది చదవడానికి మనసు ఒప్పదు.

మిగిలింది

కోట నడుమ ఉన్న స్వయంభూ దేవుని గుడి పోయింది. నాలుగు దిక్కులా దాని తోరణాలు మాత్రం నిలిచి ఉన్నాయి. ఆ తోరణాన్నే 2014లో తెలంగాణ రాజముద్రలో పెట్టుకున్నారు. మట్టికోట సంగతి వేరు. గుండ్లకు లొంగని ఆ గోడ ఇళ్లకు, దారులకు లొంగుతోంది. చాలా చోట్ల తెగిపోయి, ఎక్కడ కోటో ఎక్కడ మట్టిదిబ్బో కొత్తవారికి తెలియకుండా ఉంది. రాతికోటకు వచ్చి ఫొటో దిగిపోయేవారు మట్టికోటను దాటుకునే వచ్చారు గాని దాన్ని చూడరు.

చెరువులకు మాత్రం రాజ్యం పడిపోవడంతో పని లేకపోయింది. ఓరుగల్లును ఎవరు ఏలినా తూము దగ్గర కాపలా ఊరివాడిదే. పూడిక పేరుకుని అలసిపోయిన వాటిని 2015లో మొదలైన మిషన్ కాకతీయ కింద చాలావరకు తవ్వారు. ఆ ఒండ్రుమట్టి చేలకు తోలుకున్నవారు ఎరువు ఖర్చు తగ్గిందని చెబుతారు. కాని ఊరికి దగ్గరగా ఉన్న చెరువుల శిఖం భూములు ప్లాట్లవుతున్నాయి. గొలుసు తెగినచోట నీరు తన పాత దారి వెతుక్కుంటుంది. 2020 ఆగస్టు వానలకు వరంగల్, హనుమకొండ కాలనీలు మునిగినప్పుడు ఆ దారి ఏదో అందరూ చూశారు.

ఊళ్లలో శాసనాల రాళ్ల గతి ఇంకా అన్యాయం. పశువులను కట్టేయడానికో, బట్టలు ఉతకడానికో వాడుకునే రాయిని ఒకసారి తిప్పి చూస్తే అక్షరాలు కనపడవచ్చు. మనకు తెలిసిన ఈ చరిత్రలో చాలా భాగం అలాంటి రాళ్ల మీద నుంచి వచ్చిందే.

వరంగల్ నుంచి మేడారం పోయే దారిలోనే ములుగు దాటాక పాలంపేట దారి చీలుతుంది. రెండేళ్లకోసారి జాతరకు వచ్చేవారిలో చాలామంది అటు కూడా తిరుగుతారు. పొద్దున రామప్ప గుడి చూసుకుని, కట్ట మీద కాసేపు కూర్చుని, సాయంత్రానికి జంపన్నవాగులో మునిగి తల్లుల గద్దెల దగ్గర ఎత్తు బంగారం ఇచ్చుకుని, కొంచెం బెల్లం ముక్క కొంగున కట్టుకుని బస్సెక్కుతారు.